విశాఖ – భీమిలి తీరంలో వేసవి జీవనం, ఇల్లు కొనుగోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఆర్.కె. బీచ్ నుంచి భీమునిపట్నం వరకు సుమారు 30 కిలోమీటర్ల పొడవున సాగే తీరానికి వేసవి సెలవుల్లో చుట్టపుచూపుగా వచ్చి, రెండు సాయంత్రాలు సముద్రపు గాలికి కూర్చున్నాక, ఇక్కడే ఒక ఫ్లాటో, స్థలమో కొనుక్కోవాలనుకునే కుటుంబాలు ఏటా కనిపిస్తాయి. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే సాయంత్రం ఆరు గంటలకు చూసిన తీరం వేరు, మిట్ట మధ్యాహ్నం ఉండే తీరం వేరు. అలా వచ్చేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం.

సముద్రం పక్కన ఉంటే వేసవిలో చల్లగా ఉంటుందా?

ఉష్ణోగ్రత తక్కువగా ఉంటుంది కానీ ఉక్కపోత ఎక్కువగా ఉంటుంది. నగరంలో వాతావరణ శాఖకు వాల్తేరులో ఒకటి, విమానాశ్రయం దగ్గర ఒకటి చొప్పున రెండు కేంద్రాలున్నాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న వాల్తేరుకంటే కొండల నడుమ లోపలికి ఉన్న విమానాశ్రయం దగ్గర వేసవి పగటి ఉష్ణోగ్రత సాధారణంగా కొన్ని డిగ్రీలు ఎక్కువగా నమోదవుతుంది. రుషికొండ, సాగర్ నగర్ వంటి చోట్ల ఎండ తీవ్రత గాజువాక, ఎన్.ఏ.డి. వైపు ఉన్నంతగా ఉండదని స్థానికులు చెప్పేది అందుకే. కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరేసిన బట్టలు కూడా ఒక పట్టాన ఆరవు. పడమటి గాలి బలంగా వీచి, సముద్రపు గాలి ఒడ్డు దాటి లోపలికి రావడం ఆలస్యమైన రోజుల్లో తీరంలోనూ వడగాలి తప్పదు.

ఇల్లు చూడటానికి ఏ నెలలో రావాలి?

మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు రావాలి. డిసెంబరులో చూసిన ఇల్లు ఏదైనా బాగానే ఉంటుంది. మేలో కుళాయి తిప్పితే నీరు ఎంత వస్తున్నదీ, కరెంటు పోతే లిఫ్టుకు జనరేటర్ ఎంతసేపటికి అందుకుంటున్నదీ, పడమటి గోడ లోపలి వైపు చేయి పెడితే ఎంత వేడిగా ఉన్నదీ అప్పుడే తెలుస్తుంది. అమ్మేవారు సాయంత్రమే రమ్మని పట్టుబడితే, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పది తర్వాత మరోసారి చెప్పకుండానే వెళ్లి చూసుకోవడం మంచిది. రాత్రిపూట బీచ్ రోడ్డు రద్దీ, శని ఆదివారాల్లో ఆ దారిన సాగే వాహనాల వరుస పగటిపూట ఊహకందవు.

సముద్రం కనిపించే ఫ్లాటుకు ఎక్కువ ధర చెబుతున్నారు. అంత ఇవ్వవచ్చా?

ఇక్కడ సముద్రం తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంటుంది. వేసవి ముదిరే కొద్దీ గాలి మాత్రం ఎక్కువగా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. కాబట్టి సముద్రం కనిపించే బాల్కనీలోనే గాలి బాగా వస్తుందన్న లెక్క అన్ని ఇళ్లకూ సరిపోదు. తూర్పు బాల్కనీకి ఉదయం ఏడు గంటలకే ఎండ పడుతుంది, పది పదకొండు గంటల తర్వాత నీడ వస్తుంది. దక్షిణాన కిటికీ ఉండి, దానికి ఎదురుగా ఉత్తరాన మరో కిటికీ ఉన్న ఫ్లాటు, సముద్రం ఏమాత్రం కనిపించకపోయినా, నివసించడానికి ఎక్కువ సుఖంగా ఉంటుంది. ఇక ముందున్న ఖాళీ స్థలం ఎవరిదో, అందులో ఎన్ని అంతస్తులు కట్టేందుకు వీలుందో తెలుసుకోకుండా దృశ్యానికి డబ్బు చెల్లించడం సాహసమే అవుతుంది. మన ఫ్లాటు ముందు మరో భవనం లేచి సముద్రం కనుమరుగైతే అడగడానికి సాధారణంగా ఏ హక్కూ ఉండదు.

ఉప్పుగాలి వల్ల ఇంటికి నిజంగా నష్టం ఉంటుందా?

ఉంటుంది. ఈ తీరంలో ఇంటి మన్నికను నిర్ణయించే ముఖ్య విషయం ఇదే అయినా, కొనేవారు అతి తక్కువగా పట్టించుకునేదీ ఇదే. గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఇనుమును తినేస్తుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న మూడు నాలుగేళ్ల భవనానికి వెళ్లి బాల్కనీ గ్రిల్లు అడుగుభాగాన్ని, అది గోడలోకి దిగే చోటును వేలితో తాకి చూడండి. పైన కొత్త రంగు మెరుస్తున్నా, కింద తుప్పు పొరలు పొరలుగా చేతికి వస్తే ఆ భవనం సంగతి తెలిసిపోతుంది. తలుపు బందులు, గేటు చక్రాలు, ఏసీ బయటి యూనిట్‌లోని పలుచని రేకులు, మోటారు స్విచ్చులు, అన్నీ లోపలి ప్రాంతాల్లో కంటే త్వరగా పాడవుతాయి.

గ్రిల్లు మార్చుకోవచ్చు కానీ స్తంభంలోని ఊచను మార్చలేం. కాంక్రీటు లోపలికి ఉప్పు చేరితే ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, అప్పుడు స్తంభం అంచుల్లో నిలువు బీటలు పడి పెచ్చులు ఊడతాయి. అందుకే కాంక్రీటు నిర్మాణానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) తీర వాతావరణాన్ని తీవ్రమైన పరిస్థితిగా వర్గీకరించి, కనీసం ఎం-30 గ్రేడు కాంక్రీటును, ఊచకూ బయటి ఉపరితలానికీ మధ్య 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొరను నిర్దేశించింది. నిర్మాణంలో ఉన్న భవనమైతే ఏ గ్రేడు వాడుతున్నారో, కాంక్రీటు బలాన్ని తేల్చే క్యూబ్ పరీక్షల ఫలితాలు ఎక్కడున్నాయో బిల్డరును రాతపూర్వకంగా అడగవచ్చు. పాత భవనమైతే సెల్లారులోని స్తంభాలను, ట్యాంకు కింది శ్లాబును టార్చిలైటు వేసి చూడాలి. బాగా రంగులు వేసిన హాలు ఏమీ చెప్పదు, సెల్లారు చాలా చెబుతుంది.

మంచినీటి పరిస్థితి ఏమిటి?

నగరానికి ఏలేరు కాలువ, రైవాడ, తాటిపూడి, మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ వంటి వనరుల నుంచి నీరు వస్తుంది. కార్పొరేషన్ కుళాయి ఉన్న భవనాలకూ, బోరు మీదా ట్యాంకర్ల మీదా నడిచే భవనాలకూ వేసవి ఖర్చులో చాలా తేడా ఉంటుంది. సముద్రానికి దగ్గరగా బోర్ల ద్వారా అతిగా తోడితే మంచి నీటి పొర తగ్గి ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంది. పక్క స్థలంలోని బోరు నీరు బాగుందని మన బోరు నీరు కూడా బాగుంటుందన్న హామీ ఏమీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు అసోసియేషన్ ఎంత చెల్లించిందో జమాఖర్చుల పుస్తకం చూపించమని అడగండి. ఈ విషయంలో వాచ్‌మన్ మాట బ్రోషరుకంటే నమ్మదగినది. నీటిని పరీక్షకు ఇచ్చేటప్పుడు నమూనా వర్షాకాలంలో కాకుండా వేసవిలో తీసుకోవాలి.

వేసవిలో ఇక్కడి సామాజిక జీవితం ఎలా ఉంటుంది?

ఎండ వేళ మూతపడి, ఉదయం సాయంత్రం తెరుచుకునే జీవితం ఇది. తెల్లవారుజామున బీచ్ రోడ్డంతా నడకకు వచ్చినవారితో నిండిపోతుంది. పదిన్నర దాటాక వీధులు ఖాళీ అవుతాయి. మళ్లీ సాయంత్రం ఐదు నుంచి పిల్లలు, పెద్దలు, ఊళ్ల నుంచి వచ్చిన బంధువులు అంతా బయటే ఉంటారు. రోడ్డు పక్కన ముంజెలు, ఈతపళ్లు, సువర్ణరేఖ మామిడి, భీమిలి వైపు వెళితే జీడిపళ్లు అమ్ముతుంటారు. అపార్ట్‌మెంట్ మేడల మీద ఆవకాయ కోసం కడిగి తుడిచిన మామిడి ముక్కలు, వడియాలు ఆరబెట్టడం ఇంకా పోలేదు. అయితే తేమ గాలి వల్ల వడియాలు ఎండటానికి లోపలి ఊళ్లలో కంటే ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుందని ఇక్కడి ఇల్లాళ్లకు తెలుసు. కొన్ని అసోసియేషన్లు ఉప్పుగాలి పేరుతోనో అందం పేరుతోనో మేడకు తాళం వేస్తాయి. ఇల్లు కొనేముందు ఇది కూడా అడగవలసిన ప్రశ్నే.

వైశాఖ శుద్ధ తదియ నాడు సింహాచలంలో చందనోత్సవం జరుగుతుంది. వరాహ లక్ష్మీనృసింహస్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే కాబట్టి, దాని చుట్టూ రెండు మూడు రోజులు అడవివరం, హనుమంతవాక దారుల్లో రాకపోకలు స్తంభిస్తాయి. ఆ రోజుల్లో ఇంటికి బంధువులు రాకుండా ఉండరు. తీరంలో ఇల్లు కొన్నవారికి వేసవిలో అతిథులు కూడా ఇంటి ఖర్చులో భాగమే, ఇది ఫిర్యాదుగా చెబుతున్నది కాదు.

మత్స్యకార గ్రామాల పక్కన ఇల్లు కొనడం గురించి కొందరు సంకోచిస్తారు. నిజంగా ఇబ్బందులు ఉంటాయా?

ఈ ప్రశ్నను తిరగేసి అడగడం న్యాయం. జాలరిపేట, మంగమారిపేట వంటి ఊళ్లు అపార్ట్‌మెంట్లకంటే ఎంతో ముందు నుంచి ఉన్నాయి. ఒడ్డున ఉన్న ఇసుక వారికి వలలు ఆరబెట్టుకునే, పడవలు నిలుపుకునే, చేపలు ఎండబెట్టుకునే పని స్థలం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మర పడవల వేట నిషేధం అమల్లో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం పెట్టారు. యంత్రం లేని సంప్రదాయ తెప్పలకు ఇది వర్తించదు. ఆ రెండు నెలలూ తాటాకు పాకల నీడలో కూర్చుని, కాలి బొటనవేలికి వల అంచు తగిలించుకుని, నైలాను దారంతో చిరిగిన కన్నులు అల్లుకుంటున్న మనుషులు కనిపిస్తారు. బోర్లించిన పడవలకు మరమ్మతులు చేసి రంగులు వేస్తుంటారు. ఆ కాలంలో వంజరం, చందువా ధరలు పెరుగుతాయి, ఎండుచేపలకు గిరాకీ ఉంటుంది.

ఎండుచేపల వాసన కొన్ని దిక్కుల నుంచి గాలి వీచినప్పుడు వస్తుంది. అది భరించలేనివారు ఆ ఊరి పక్కన కొనకుండా ఉండటమే ఇద్దరికీ మేలు. కొన్నాక ఒడ్డుకు వెళ్లే దారికి గేటు పెట్టడం, వలలు ఆరబెట్టవద్దని ఫిర్యాదులు చేయడం వంటి పనులు పొరుగు సంబంధాలను పాడుచేస్తాయి. తీర మండల నిబంధనలు కూడా మత్స్యకారుల సంప్రదాయ వినియోగాన్ని గుర్తించాయని మరచిపోకూడదు.

పిల్లలు సముద్రంలో స్నానం చేయవచ్చా?

ఈ తీరంలో ఒడ్డు దగ్గరే లోతు పెరిగే చోట్లు, కెరటం వెనక్కి పోతూ మనిషిని లోపలికి లాగే చోట్లు ఉన్నాయి. ఆర్.కె. బీచ్, యారాడ వంటి ప్రదేశాల్లో మునిగిపోయిన సంఘటనలు వేసవిలో దాదాపు ఏటా వార్తల్లో వస్తాయి. శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండలో గుర్తించిన స్నాన ప్రాంతం, కాపలా ఉన్నాయి. అలాంటి చోట, గజ ఈతగాళ్లు ఉన్న సమయంలో మాత్రమే దిగాలి. ఈత బాగా వచ్చినవారు కూడా లోపలికి లాగినప్పుడు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి.

సముద్రానికి ఎంత దూరంలో కట్టుకోవచ్చు? సీఆర్‌జెడ్ అంటే ఏమిటి?

తీర నియంత్రణ మండలాన్నే అందరూ సీఆర్‌జెడ్ అంటారు. పోటు నీరు అత్యధికంగా చేరే గీత నుంచి భూమి వైపు 500 మీటర్ల వరకు ఈ నియంత్రణ ఉంటుంది. చాలామంది అనుకుంటున్నట్టు ఈ కొలత ఇసుక అంచు నుంచి కాదు. గీత ఎక్కడ ఉందో అధికారిక పటమే చెప్పాలి, మధ్యవర్తి వేలు చూపి చెప్పేది చెల్లదు. అభివృద్ధి చెందిన పట్టణ ప్రాంతంగా, అంటే సీఆర్‌జెడ్-2గా, గుర్తించిన చోట ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి పొందిన నిర్మాణాలకో భూమి వైపున మాత్రమే భవనాలను అనుమతిస్తారు. గ్రామీణ ప్రాంతంగా గుర్తించిన చోట 2011 నాటి ప్రకటన ప్రకారం తొలి 200 మీటర్లు నిర్మాణ నిషిద్ధం. 2019 ప్రకటన జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో దాన్ని 50 మీటర్లకు తగ్గించింది కానీ, ఆ ప్రకటన వర్తించాలంటే రాష్ట్ర తీర నిర్వహణ ప్రణాళికను దానికి అనుగుణంగా సవరించి కేంద్రం ఆమోదం పొందాలి. కాబట్టి "కొత్త రూలు వచ్చింది, ఇప్పుడు 50 మీటర్లే" అన్న మాట విన్నప్పుడు, మన సర్వే నంబరుకు ఏ పటం అమల్లో ఉందో కాగితం మీద చూపించమనాలి. భీమిలి దగ్గర గోస్తనీ ముఖద్వారం వంటి చోట్ల పోటు నీరు చేరే ఏటి ఒడ్డులకూ వేరే దూరాలు వర్తిస్తాయి.

ఉల్లంఘిస్తే ఏమవుతుందన్నది ఊహాగానం కాదు. కేరళలోని మరడులో తీర నిబంధనలకు విరుద్ధంగా కట్టిన బహుళ అంతస్తుల భవనాలను సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2020 జనవరిలో పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. వాటిలో ఫ్లాట్లు కొన్నవారిలో చాలామంది అనుమతి పత్రాలు చూసే కొన్నారు. స్థానిక సంస్థ ప్లాను మంజూరు చేయడం ఒకటి, తీర మండల అనుమతి ఉండటం మరొకటి.

భూమి పత్రాల్లో ముఖ్యంగా ఏం చూడాలి?

మొదట చూడవలసింది రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషేధిత జాబితా. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకు కేటాయించినవి), దేవాదాయ, వక్ఫ్ భూములు, పట్టణ భూపరిమితి కింద మిగులుగా తేలిన భూములు ఇందులో ఉంటాయి. విశాఖలో ఇవన్నీ ఉన్నాయి. సింహాచలం దేవస్థానానికి సంబంధించిన పంచగ్రామాల భూ సమస్య, అంటే అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి గ్రామాలది, దశాబ్దాలుగా నలుగుతున్నది. అక్కడ తరాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నవారు సైతం స్వేచ్ఛగా క్రయవిక్రయాలు చేయలేకపోయారు. అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. కేటాయించి 20 ఏళ్లు నిండిన భూములపై హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది కానీ, ఆ తర్వాత 2024లో అటువంటి ఫ్రీహోల్డ్ (పూర్తి హక్కులు ఇచ్చిన) భూముల రిజిస్ట్రేషన్లను నిలిపివేసి పరిశీలన చేపట్టారు. ఫ్రీహోల్డ్ అన్న ముద్ర ఒక్కటే చూసి బయానా ఇవ్వకూడదు.

తర్వాత కనీసం 30 ఏళ్లకు ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే ధ్రువపత్రం), అన్ని లింకు డాక్యుమెంట్లు, ఫ్లాటు అయితే మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, భూమిలో అవిభాజ్య వాటా ఎన్ని గజాలో స్పష్టంగా ఉన్న విక్రయ పత్రం చూడాలి. స్థలం యజమానికీ బిల్డరుకూ మధ్య జరిగిన డెవలప్‌మెంట్ ఒప్పందంలో మనం కొంటున్న ఫ్లాటు ఎవరి వాటాకు వచ్చిందో తెలుసుకోవాలి. ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, బావికొండ పరిసరాల్లోని లేఅవుట్లయితే వారసత్వ రక్షణ ఆంక్షలు ఏమైనా ఉన్నాయేమో విచారించాలి. వీటన్నిటినీ స్థానికంగా ప్రాక్టీసు చేసే న్యాయవాది చేత చూపించుకోవాలి, అమ్మేవారు సూచించిన న్యాయవాది చేత కాదు.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి స్థలాలు అమ్ముతున్నారు. కొనవచ్చా?

అవసరమున్నవారు కొనవచ్చు. అయితే "విమానాశ్రయానికి పది నిమిషాలు" అన్న ప్రకటన లేఅవుట్‌కు ఎల్.పి. నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య) ఉందని చెప్పదు. అనుమతి లేని లేఅవుట్‌లో స్థలం కొంటే ప్లాను మంజూరు, బ్యాంకు రుణం, నీటి కనెక్షన్ అన్నీ చిక్కుల్లో పడతాయి. తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుందిలే అన్న ఆశతో కొనడం మా దృష్టిలో మంచి నిర్ణయం కాదు.

రెరా వల్ల కొనేవారికి ఏం ప్రయోజనం?

500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లతో గాని చేపట్టే ప్రాజెక్టును రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ ప్రాధికార సంస్థలో, నమోదు చేయకుండా ప్రకటనలు ఇవ్వకూడదు, అమ్మకూడదు. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనేవారి నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ధర కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకునే విస్తీర్ణం) ఆధారంగా చెప్పాలి. బయటి గోడలు, బాల్కనీలు ఇందులోకి రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి తెలియజేస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయవలసిన బాధ్యత బిల్డరుదే. స్తంభాల పెచ్చులు, శ్లాబు చెమ్మ వంటివి తీరంలో త్వరగా బయటపడతాయి కాబట్టి, ఫొటోలు తేదీలతో భద్రపరిచి, ఫిర్యాదు ఫోనులో కాకుండా రాతపూర్వకంగా ఇవ్వాలి.

ధర కాక ఇంకా ఎంత ఖర్చవుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో విక్రయ పత్రానికి స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం అవుతుంది. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, అందుబాటు ధరల విభాగంలోకి వస్తే 1 శాతం. పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవారే 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమచేయాలి. ఇవి కాక కార్పస్ ఫండ్ (అసోసియేషన్ మూలనిధి), ముందస్తు నిర్వహణ రుసుము, పార్కింగ్ ఉంటాయి. తీరంలో రెండు మూడేళ్లకొకసారి బయటి రంగులు, గ్రిల్లుల పనులు వస్తాయి కనుక, అసోసియేషన్ నిధిలో ఎంత నిల్వ ఉందో చూసి మరీ కొనాలి.

తుఫానుల భయం ఎంత?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ దగ్గరే తీరం దాటింది. అప్పుడు నగరంలో చెట్లు నేలకూలాయి, అద్దాలు పగిలాయి, రోజుల తరబడి కరెంటు, నీరు లేవు. ఆ తుఫానును తట్టుకున్న భవనమా, ఆ తర్వాత కట్టినదా అని అడగడం ఇక్కడ మామూలే. జారుడు కిటికీల ఫ్రేములు గోడకు ఎంత గట్టిగా బిగించారు, ట్యాంకులు ఎలా కట్టారు, సెల్లారులో నీరు నిలిస్తే బయటికి తోడే పంపు ఉందా అన్నవి చూడాలి. గెడ్డ (వాగు) పూడ్చి కట్టిన లేఅవుట్‌లో వాన నీరు పాత దారినే వెతుక్కుంటుంది. ఇంటి బీమా తీసుకునేటప్పుడు తుఫాను, వరద నష్టాలు అందులో ఉన్నాయో లేదో చదువుకోవాలి.

మేము విదేశాల్లో ఉంటున్నాం. వేసవి సెలవుల్లో వచ్చి కొనడం సాధ్యమేనా?

ప్రవాస భారతీయులు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వారికిచ్చే) కార్డుదారులు నివాస, వాణిజ్య ఆస్తులు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ మాత్రం కొనకూడదు. భీమిలి, ఆనందపురం వైపు జీడితోటలను ఫాం ప్లాట్ల పేరుతో అమ్మజూపినప్పుడు ఈ నిబంధన గుర్తుంచుకోవాలి. చెల్లింపులు బ్యాంకు ద్వారానే జరగాలి. అమ్మేవారే ప్రవాసి అయితే మినహాయించవలసిన పన్ను రేటు పైన చెప్పిన ఒక శాతం కాదు, అంతకంటే చాలా ఎక్కువ. ఆ సంగతి ముందే ఆడిటరుతో తేల్చుకోవాలి. సెలవు అయిపోయి తిరిగి వెళ్లవలసి వస్తే, నమ్మకమైన బంధువు పేరిట ఆ ఒక్క ఆస్తికి, ఆ ఒక్క పనికి పరిమితమైన ప్రత్యేక పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. విదేశంలో రాసినదైతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. అమ్మే అధికారం, అప్పు తెచ్చే అధికారం కూడా కలిపి రాసిన సాధారణ పవర్ మీద మాత్రం, ఎంత దగ్గరి బంధువుకైనా, సంతకం చేయకండి.